బాణాలు ఊడిపోతున్నాయి, మేడమ్!

పోయిన నెల ఈ పేజీలో ఎక్సెల్‌లో ఫ్లోచార్టులు గీసే యాడిన్ (ఎక్సెల్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) గురించి రాశాను. గళ్లలో పని వరస టైపు చేసి ఇస్తే పెట్టెలు తనే గీసి, బాణాలు తనే తగిలిస్తుందని, స్కేలు పెట్టుకుని గీసుకునే బాధ తప్పుతుందని చెప్పాను. చివర్లో "కొత్త వెర్షన్ వచ్చింది, పెట్టుకోండి" అని ఒక్క ముక్క అన్నాను. ఆ ఒక్క ముక్కకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని తెలిస్తే నోరు మూసుకునేదాన్ని. పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఏదో ఒకటి ఆగిపోయింది. ఇద్దరైతే విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా జాబ్‌వర్క్ సెంటర్ మెట్లెక్కి వచ్చి మరీ దెబ్బలాడారు. వాళ్లకి టీ ఇచ్చి, పని చేసి పంపాను. మిగతావాళ్లకి ఇక్కడ చెబుతున్నాను. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నాను. "మా మేనేజర్ గారు ఈ పత్రిక చదువుతారు" అని ఒకాయన ముందే భయపడ్డాడు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా ఫ్యాక్టరీలో జీడిపిక్కల బస్తా దిగిన దగ్గర్నుంచి పప్పు డబ్బాకి సీలు వేసేవరకు మీరు చెప్పినట్టే ఫ్లోచార్ట్ చేశాను. యాడిన్ కొత్త వెర్షన్ ఫైలును మా తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆఫీసు కంప్యూటర్లో పెట్టాడు. బాగానే పనిచేస్తోంది. అదే ఫైలు నాకు వాట్సాప్‌లో పంపాడు, నా ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. యాడిన్ల లిస్టులో టిక్ పడుతోంది గానీ పైన ట్యాబ్ రావడం లేదు. రెండు చోట్లా ఎక్సెల్ ఒకటే. ఒకే ఫైలు ఒకచోట పనిచేసి ఇంకోచోట ఎందుకు చెయ్యదు? రెండు రోజులుగా బుర్ర వేడెక్కిపోతోంది.
– జీడిపప్పు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్, కాశీబుగ్గ

జవాబు: ఫైలు ఒకటే బాబూ, అది వచ్చిన దారులు వేరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంటర్నెట్ నుంచి ఏ ఫైలు దిగినా విండోస్ దానికి కనపడకుండా ఒక చీటీ కడుతుంది, 'ఇది బయటి నుంచి వచ్చిన సరుకు' అని. మెయిల్‌లో వచ్చినా అంతే, కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి దింపుకున్నా అంతే. ఎక్సెల్ ఆ చీటీ చూసి, లోపల మాక్రోలు (ఎక్సెల్ చేత పని చేయించే చిన్న ప్రోగ్రాములు) ఉంటే మీ ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర లారీని ఆపినట్టు ఆపేస్తుంది. యాడిన్ అంటే మాక్రోల మూటే కదా. అయితే చెక్‌పోస్టులో కనీసం ఎందుకు ఆపారో చెబుతారు. ఇక్కడ అదీ లేదు. టిక్ పడుతుంది, ఏ మెసేజీ రాదు, ట్యాబ్ మాత్రం కనపడదు.

ఆ చీటీ ఫైలు లోపల రాసి ఉండదు. ఫైలుకి పక్కగా డిస్కులో ఉంటుంది. విండోస్ హార్డ్‌డిస్కులు వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో దానికి చోటుంది. మనం వాడే పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఉంటాయి, వాటిలో ఆ చోటు లేదు. అందుకని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడే చీటీ రాలిపోతుంది. మీ ఆఫీసు కంప్యూటర్‌కి చేరింది చీటీ రాలిన ఫైలు, మీ ల్యాప్‌టాప్‌కి చేరింది చీటీ ఉన్న ఫైలు.

తీసేయడం తేలికే. ఎక్సెల్ పూర్తిగా మూసేయండి. ఒక్క షీటు కూడా తెరిచి ఉండకూడదు. యాడిన్స్ డైలాగ్‌లో బ్రౌజ్ నొక్కినప్పుడు ఏ ఫోల్డర్ తెరుచుకుంటుందో, యాడిన్ ఫైలు మామూలుగా అక్కడే ఉంటుంది. ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. జనరల్ అనే మొదటి పేజీలో అట్టడుగున 'అన్‌బ్లాక్' అని చిన్న గడి ఉంటుంది. దాంట్లో టిక్ పెట్టి ఓకే కొట్టి ఎక్సెల్ తెరవండి, ట్యాబ్ వస్తుంది. ఆ గడే లేదంటే చీటీ లేనట్టు. అప్పుడు కారణం ఇంకోటి, కింద చెబుతాను.

ఈలోగా నాకు భయం వేసిన సంగతి చెప్పనా? మీరు పనిచెయ్యని ఫైలు గురించి టెన్షన్ పడుతున్నారు. నాకైతే పనిచేసిన ఫైలు గురించి టెన్షన్. మీ ల్యాప్‌టాప్‌లోది బయటి నుంచి వచ్చిందని చీటీ అయినా ఉంది. పెన్‌డ్రైవ్‌లో వచ్చినదానికి అదీ లేదు, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు, ఎక్సెల్ అడగనూ లేదు. మాక్రోల్లో దొంగ ప్రోగ్రాములు దూర్చి పంపడం ఎంత పెరిగిపోయిందంటే, 2022లో మైక్రోసాఫ్ట్ ఈ కట్టడిని బాగా బిగించింది. ఇదివరకు పసుపు పట్టీ మీద 'ఎనేబుల్' నొక్కితే నడిచేవి, ఇప్పుడు ఎర్ర పట్టీ వేసి ఆ బటన్ కూడా తీసేసింది. కాబట్టి తమ్ముణ్ణి అడగండి. యాడిన్ తయారుచేసినవాళ్ల సైటు నుంచే దింపాడా, లేక స్నేహితుడి దగ్గర తెచ్చాడా? రెండోదైతే ఆ రెండు ఫైళ్లూ తీసేసి మళ్లీ అసలు చోటు నుంచి దింపుకోండి.

ఇంకో కారణం అన్నాను కదా. సోంపేట నుంచి, పాలకొండ నుంచి కూడా ఇదే రాశారు, వాళ్లది ఇది. ఎక్సెల్‌లో 32 బిట్ అని, 64 బిట్ అని రెండు రకాలు. 64 బిట్‌ది 2010 నుంచి ఉంది గానీ చాలా ఏళ్లు మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే 32 బిట్‌దే పడేది. ఆఫీస్ 2019 దగ్గర్నుంచి అది తిరగబడి 64 బిట్‌దే పడుతోంది. ల్యాప్‌టాప్ మార్చినవాళ్లకి తెలీకుండానే రకం మారిపోయింది. పాతకాలం యాడిన్లు విండోస్‌తో నేరుగా మాట్లాడే చోట 'పీటీఆర్‌సేఫ్' అనే మాట ఉండాలి. అది లేకపోతే 64 బిట్ ఎక్సెల్ ఆ యాడిన్‌ని మొదటి అడుగులోనే ఆపేస్తుంది. ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కి పై వరస చివర చూడండి, మీదే రకమో రాసి ఉంటుంది. ఈ జబ్బుకి మాత్రం మందు అప్‌డేటే. పాత యాడిన్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

అడగకపోయినా ఒక మాట. మీ చార్టు ప్రింటు ఉత్తరంతో పాటు పంపారు కాబట్టి చూశాను. ఎండబెట్టడం, బాయిలింగ్, కటింగ్, డ్రయ్యర్, పీలింగ్, అంతా సరిగ్గా ఉంది. గ్రేడింగ్ దగ్గర డైమండ్ (ప్రశ్న వేసే పెట్టె) పెట్టి 'గుండు పప్పేనా?' అని రాసి, 'అవును' అన్న బాణం ప్యాకింగ్‌కి తీశారు. 'కాదు' అన్న బాణం ఏదీ? బద్దలూ ముక్కలూ మీ ఫ్యాక్టరీలో ఎక్కడికీ పోవడం లేదా? గుండు పప్పు కూడా ఒకటి కాదు కదా. 180, 240, 320 అని వేరుచేస్తారు (పౌను బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది). ఒక్క డైమండ్‌కి ఐదు బాణాలు తీసినా తప్పు లేదు, ప్రతి బాణం మీద ఏ గ్రేడో రాసి ఉంటే చాలు. యాడిన్‌లో ఎడమ పక్క పట్టికలో 'తర్వాతి అడుగు' గడిలో నంబర్లు కామాలు పెట్టి ఇవ్వండి, అదే చీలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, బాణాలు ఊడిపోతున్నాయి! కొత్త వెర్షన్ పెట్టాక మా ప్రాసెస్ చార్టులో పైన రెండు వరసలు ఇన్సర్ట్ చేశాను. పెట్టెలు సాగిపోయాయి, కొన్ని బాణాలు గాల్లో వేలాడుతున్నాయి. మా సార్ చూసి "ఏటిది, సాలెగూడా?" అన్నారు.
– ఓ కంపెనీ క్వాలిటీ విభాగం ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: మీ సార్‌కి నా తరఫున నమస్కారం చెప్పండి. నేను జూట్ మిల్లులో క్వాలిటీ సెక్షన్‌లో చేరిన కొత్తలో చార్టులన్నీ చేత్తోనే గీసేవాళ్లం. పెట్టెకి అగ్గిపెట్టె, గుండ్రానికి నా చేతి గాజు, డైమండ్‌కి మడతపెట్టిన సిగరెట్ అట్ట. కార్డింగ్‌కీ డ్రాయింగ్‌కీ మధ్య ఒక అడుగు మర్చిపోతే చార్టంతా మళ్లీ మొదటి నుంచి. అప్పట్లో ఊడిపోయే బాణాలు లేవు, చింపేసిన చార్టులే ఉండేవి.

ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీద్దాం. పెట్టెలు సాగడానికి అప్‌డేట్‌తో సంబంధం లేదు. ఎక్సెల్‌లో ఏ ఆకారమైనా మామూలుగా కింద ఉన్న గళ్లను పట్టుకుని ఉంటుంది. గళ్లు పెరిగితే తనూ పెరుగుతుంది. అన్ని ఆకారాల్నీ ఎంచుకుని ఫార్మాట్ షేప్‌లో సైజ్ అండ్ ప్రాపర్టీస్ కింద, ప్రాపర్టీస్ దగ్గర మూడు చుక్కలుంటాయి. మధ్యది పెట్టండి. గళ్లతో పాటు జరుగుతుంది గానీ సాగదు.

ఇక బాణాలు. పెట్టె అంచున చుక్కకి అతుక్కున్న బాణం వేరు, చుక్క పక్కదాకా వచ్చి ఆగిన గీత వేరు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. బాణం మీద ఒకసారి నొక్కండి. అతుక్కున్న కొస దగ్గర ఆకుపచ్చ చుక్క కనపడుతుంది, అతుక్కోనిది తెల్లగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే పెట్టెని పట్టుకుని కాస్త పక్కకి లాగండి. అతుక్కుని ఉంటే బాణం పలుపుతాడులా వెంట వస్తుంది. రాలేదంటే అది బాణం కాదు, వట్టి గీత.

మీ చార్టులో వేలాడేవన్నీ, నా అంచనా నిజమైతే, మీరు చేత్తో దిద్దిన చోట్లే. పెట్టె బాగోలేదని డిలీట్ చేసి అదే చోట కొత్తది గీసుంటారు. బాణం అతుక్కుంది పాత పెట్టెకి. అది పోయాక కొత్తది పక్కనే ఉన్నా దానికి చుట్టం కాదు. ఇకమీదట పెట్టె మార్చాలంటే డిలీట్ చేయకండి. దాన్ని ఎంచుకుని ఎడిట్ షేప్‌లో చేంజ్ షేప్ నొక్కండి. దీర్ఘచతురస్రం డైమండ్ అయిపోతుంది, బాణాలు ఊడవు.

ప్రశ్న: మాది టైపింగ్ సెంటర్. స్కూళ్లకి, పంచాయతీలకి తెలుగులో ఫ్లోచార్టులు చేసిస్తాం. యాడిన్ అప్‌డేట్ చేశాక గళ్లలో తెలుగు బాగానే ఉంది, గీసిన పెట్టెల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసి పిచ్చిపిచ్చిగా వస్తోంది. పాత వెర్షన్‌లో ఇలా లేదు. వైరస్సా?
– టైపిస్టు, రాజాం

జవాబు: వైరస్ కాదమ్మా, అను ఫాంట్. మీరు ఉత్తరంలో చెప్పలేదు గానీ 'టైపింగ్ సెంటర్' అనగానే అర్థమైంది. మన జిల్లాల్లో పెళ్లికార్డు దగ్గర్నుంచి వాల్ పోస్టర్ దాకా అందులోనే పుట్టాయి.

అను ఫాంట్లో మీరు 'క' అని కొడితే కంప్యూటర్ 'క' అని దాచుకోదు. దాని దృష్టిలో అది ఏదో ఇంగ్లీషు అక్షరమో, గుర్తో. ఆ అక్షరానికి 'క' బొమ్మ తొడిగేది ఫాంటు. ఫాంటు ఉన్నంతసేపు తెలుగు. ఫాంటు తీసేస్తే మీరు చూసిన పిచ్చి గీతలు. పాత వెర్షన్ గడిలోని అక్షరాల్ని ఫాంటుతో సహా పెట్టెలోకి తీసుకెళ్లేది. కొత్తది అక్షరాలు మాత్రమే తీసుకుని తన ఫాంటు వేసుకుంటోంది. చేసినవాళ్లకి అది ముస్తాబు. తెలుగులో టైపు చేసే మనకి తలనొప్పి.

ఈ రోజు డెలివరీ ఉంటే: ఒక పెట్టె మీద నొక్కి కంట్రోల్‌ ఏ కొట్టండి, ఆకారాలన్నీ ఎంపికవుతాయి. ఫాంటు పేరు మళ్లీ అను పెట్టండి. తెలుగు వచ్చేస్తుంది. కానీ ఆ ఫైలు పంచాయతీ ఆఫీసుకి పంపితే, అక్కడ అను లేకపోతే మళ్లీ అదే గొడవ. పీడీఎఫ్ చేసి పంపండి.

రేపటి గురించి అయితే యూనికోడ్‌కి మారిపోండి. మీ వేళ్లకి అలవాటైన ఆపిల్ కీబోర్డ్ వరసతోనే యూనికోడ్ కొట్టే పనిముట్లు ఉన్నాయి, కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. యూనికోడ్‌లో 'క' అంటే ఏ కంప్యూటర్లోనైనా 'క'నే, ఫాంటు మారితే అందం మారుతుంది గానీ అక్షరం మారదు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటు విండోస్‌తో పాటే వస్తోంది, తెలుగు దాంట్లో ఉంది.

మారాక ఇంకో ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. 'రాష్ట్రం', 'లక్ష్మి' లాంటి మాటల్లో వొత్తులు కిందికి దిగుతాయి. యాడిన్ చేసినవాళ్లు పెట్టె ఎత్తుని ఇంగ్లీషు అక్షరాల లెక్కలో వేస్తారు. దాంతో అడుగున వొత్తు సగం తెగిపోతుంది. పెట్టె లోపల పైనా కిందా వదిలే జాగా 0.05 అంగుళం మాత్రమే. ఫార్మాట్ షేప్‌లో టెక్స్ట్ బాక్స్ కింద 'రీసైజ్ షేప్ టు ఫిట్ టెక్స్ట్' టిక్ పెడితే పెట్టె తనే పెరుగుతుంది. డైమండ్‌లో మాత్రం మాట పొట్టిగా రాయండి. డైమండ్ ఎంత పెద్దగా కనపడినా అక్షరాలకి ఎక్సెల్ ఇచ్చేది నడిమధ్యన, వెడల్పులో సగం, ఎత్తులో సగం. అంటే మొత్తం చోటులో నాలుగో వంతు. 'దరఖాస్తుతో పాటు ధ్రువీకరణ పత్రాలన్నీ జతచేశారా?' అని అందులో కుక్కకండి. 'పత్రాలున్నాయా?' చాలు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. మా సార్ డైమండ్‌లో 'అవును' కిందికి, 'కాదు' కుడి పక్కకి తీయాలని, అదే రూలని అంటారు. కొత్త వెర్షన్ యాడిన్ 'కాదు'ని ఎడమకి తీస్తోంది. మార్కులు పోతాయా?
– విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: మార్కులు మీ సార్ చేతిలో ఉన్నాయి కాబట్టి సార్ చెప్పినట్టే గీయమ్మా. రూలు సంగతికొస్తే, ఫ్లోచార్ట్ గుర్తులకి 1985 నాటి ఐఎస్ఓ 5807 అనే ప్రమాణం ఉంది. ఏ ఆకారానికి ఏ అర్థమో అందులో ఉంది. పని పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి నడవాలని, అలా నడవని చోట బాణం మొన తప్పక పెట్టాలని ఉంది. 'అవును' కిందికే దిగాలని లేదు. బయటికి వచ్చే దారి మీద ఏ జవాబుకి ఆ దారో రాసి ఉండాలి, అంతే. రాయకపోతే మాత్రం నేనైనా మార్కు కోస్తాను. ఇలాంటి చార్టుల్ని అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే దంపతులు 1921లో ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఫ్యాక్టరీలో మనిషి చేసే పనిలో వృథా ఎక్కడుందో పట్టుకోవడానికి గీశారు. సార్ వైవాలో అడిగితే ఈ ముక్క చెప్పు.

ప్రశ్న: మేము గ్రానైట్ వ్యాపారంలో ఉన్నాం. యాడిన్ ఒకసారి కొన్నాం. ఇప్పుడు కొత్త వెర్షన్‌కి మళ్లీ డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా? కట్టకపోతే పాత చార్టులు తెరుచుకోవా?
– అకౌంటెంట్, టెక్కలి

జవాబు: ముందు రెండో ప్రశ్న. తెరుచుకుంటాయి. ఈ తరహా యాడిన్ గీసినవి మామూలు ఎక్సెల్ ఆకారాలే. యాడిన్ తీసేసినా బొమ్మ ఉంటుంది, జరపొచ్చు, రంగు మార్చొచ్చు, ప్రింటు తీయొచ్చు. పోయేది ఒకటే, పట్టిక మారిస్తే బొమ్మ తనంతట తను మారడం.

డబ్బు కట్టాలా అన్నది మీ ఎక్సెల్‌ని బట్టి ఉంటుంది. ఆఫీస్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ అండ ఆగిపోయింది, విండోస్ 10కి కూడా అదే రోజు. మీరు ఆ పాతవాటి మీదే ఉంటే, పాత యాడిన్ పాత ఎక్సెల్‌తో సుఖంగా కాపురం చేస్తోంది. కంప్యూటర్ మార్చిన రోజున కొత్త వెర్షన్ కొనండి, అంతవరకు అనవసరం. ఇప్పటికే కొత్త ఎక్సెల్‌కి మారి, పైన చెప్పిన 64 బిట్ గొడవ ఉంటే కట్టక తప్పదు.

అప్‌డేట్ మన చేతిలో లేని యాడిన్లు కూడా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల విజియో డేటా విజువలైజర్ ఆ తరహా. అడుగు నంబరు, దాని వివరం, తర్వాతి అడుగు, బాణం మీద మాట, ఆకారం, ఇలా నిలువు వరసలున్న పట్టిక నింపి రిఫ్రెష్ కొడితే బొమ్మ వస్తుంది. అది ఇంటర్నెట్ మీద నడుస్తుంది కాబట్టి వాళ్లు అక్కడ మారిస్తే మీకు ఇక్కడ మారిపోతుంది. నెట్ లేకపోతే కదలదు. పైగా బొమ్మలో పెట్టెల్ని ఎక్సెల్‌లో చేత్తో జరపడం కుదరదు, దానికి విజియోకి చందా కట్టాలి. నాకైతే చేత్తో జరుపుకునేదే ఇష్టం. పాత అలవాటు.

కడితే ఎప్పుడు పెట్టుకోవాలో కూడా చెబుతాను, నా అనుభవం మీద. ఒక కంపెనీవాళ్ల చార్టులు, షీటుకి ఒకటి చొప్పున, చేసి ఉంచాను. రేపు పొద్దున్న వాళ్లకి ఆడిట్. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి 'అప్‌డేట్ ఉంది' అని కనపడింది, నొక్కేశాను. ఎందుకు నొక్కానో ఇప్పటికీ తెలీదు. మళ్లీ తెరిచేసరికి షీట్ల మీద నేను పెట్టిన బటన్లు ఒక్కటీ పనిచేయడం లేదు. నొక్కినప్పుడల్లా 'మాక్రో నడపలేము' అని మెసేజ్. బటన్‌కి మాక్రో తగిలించినప్పుడు ఎక్సెల్ ఆ యాడిన్ ఫైలు ఉన్న చోటుని మొత్తం అడ్రసుతో సహా రాసుకుంటుంది. కొత్త వెర్షన్ వేరే ఫోల్డర్‌లో కూర్చుంది. బటన్లేమో పాత ఇంటి తలుపు కొడుతున్నాయి. ఆ తడబాటులో నేనే రెండు చార్టులు చెరిపేసుకున్నాను కూడా. అంతలో కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమంటోంది, మా ఆయన కింద నుంచి "అన్నం చల్లారిపోతోంది" అని కేక. పట్టికలు ఉన్నాయి కాబట్టి బతికాను. కరెంటు వచ్చాక పాత ఫైలు పాత చోట పెట్టి, చెరిగిపోయినవి పట్టిక నుంచి మళ్లీ గీయిస్తే పదకొండున్నరకి పని అయింది.

అప్పటి నుంచి పాత వెర్షన్ ఇన్‌స్టాల్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో పడేస్తాను. కొత్తది పెట్టేముందు చార్టు ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీ మీద చూస్తాను. వారం మధ్యలో, పొద్దున్న పూట, తొందర పని లేని రోజునే పెడతాను. సిరిమాను పండగ మంగళవారం నాడు అసలు ముట్టను. ఆ రోజు ఏదైనా పాడైతే విజయనగరంలో సాయానికి ఒక్క మనిషి దొరకడు, నాతో సహా.

ప్రశ్న: మా సంఘానికి ఎక్సెల్ కొనే స్తోమత లేదు. లిబ్రేఆఫీస్‌లో ఈ యాడిన్ పనిచేస్తుందా?
– మత్స్యకార సహకార సంఘం కార్యదర్శి, భావనపాడు

జవాబు: పనిచేయదు. గీసి ఉన్న బొమ్మ తెరుచుకుంటుంది, కొన్ని బాణాలు కాస్త వంకరపోవచ్చు. దాంట్లోనే డ్రా అని ఇంకో ప్రోగ్రాం ఉంది, ఉచితమే, పెట్టెలకి అతుక్కునే బాణాలు అందులోనూ ఉన్నాయి. పది పన్నెండు పెట్టెల చార్టుకి యాడిన్ ఎందుకండీ, డ్రాలో గంటలో అయిపోతుంది.

ప్రశ్న: అక్కా, ఎగ్జిబిషన్‌లో మా స్టాల్ వెనక తగిలించడానికి పొందూరు ఖాదీ ఎలా తయారవుతుందో ఫ్లోచార్ట్ చేశాను. యాడిన్ కొత్త వెర్షన్‌లో గీయిస్తే ఇదివరకటి కన్నా పెట్టెల మధ్య ఎడం ఎక్కువ వచ్చి, ప్రింటు రెండు కాగితాల మీద పడుతోంది. సరిగ్గా మధ్య పెట్టె రెండు ముక్కలవుతోంది. ప్రింటు ఫొటో తీసి పంపుతున్నాను, దిద్దగలరా?
– ఖాదీ పనివారి ఇంటి అమ్మాయి, పొందూరు

జవాబు: ఎడం తగ్గించే చోటు కొత్త వెర్షన్ సెట్టింగుల్లో ఉంది, నిలువు ఎడం అని వెతుకు. అది తగ్గించి పట్టిక నుంచి మళ్లీ గీయించు. పేజ్ లేఅవుట్‌లో వెడల్పుకి 'ఒక పేజీ' పెట్టి, ఎత్తుకి 'ఆటోమేటిక్' వదిలెయ్యి. ఎత్తుకి కూడా ఒక పేజీ అంటే అక్షరాలు చీమల్లా అయిపోతాయి, స్టాల్ వెనక తగిలిస్తే ఎవరికీ కనపడవు. అప్పుడు కూడా రెండు కాగితాలే వస్తాయి, పరవాలేదు. వ్యూలో పేజ్ బ్రేక్ ప్రివ్యూ తెరిస్తే నీలం గీత కనపడుతుంది. దాన్ని పట్టుకుని రెండు పెట్టెల మధ్య ఖాళీలోకి లాగు. తెగిన చోట పైన ఒక చిన్న గుండ్రం, కింద ఒక చిన్న గుండ్రం పెట్టి రెండింట్లోనూ ఒకే అక్షరం రాయి. చూసేవాళ్లకి అక్కడి నుంచి ఇక్కడికి అని తెలుస్తుంది.

ఫొటోలో తెగిపోయిన ఆ మధ్య పెట్టెలో ఏముందా అని భూతద్దం పెట్టి చూశాను. 'క్లీనింగ్' అని ఇంగ్లీషులో రాశావు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వే పని ఇంకెక్కడ చూస్తారమ్మా? దాన్ని క్లీనింగ్ అంటే స్టాల్ ముందు ఎవరు ఆగుతారు? 'వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం' అని నిండుగా రాయి. పెట్టె పెద్దదవుతుంది, అవనీ. తర్వాత గింజ తీయడం, ఏకడం, వడకడం, నేత, ఇవన్నీ మీ ఇంట్లో ఏ మాట అంటారో ఆ మాటే పెట్టు. నూలు తెగితే మళ్లీ అతికే చోటు నుంచి వెనక్కి ఒక బాణం కూడా ఉండాలి, నీ చార్టులో లేదు. ఒకసారి మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగులు లెక్కపెట్టించు. నాకైతే పత్తి ఏరడానికీ దువ్వడానికీ మధ్య ఏదో ఒకటి తప్పిపోయిందని అనుమానం.

దిద్ది పంపమన్నావు కదా, ఫొటో మీద నేనేం దిద్దను? ఎక్సెల్ ఫైలు పంపు, పట్టిక షీటుతో సహా. ఎగ్జిబిషన్ ఎప్పుడో తేదీ కూడా రాయి.